తగిలింది సార్

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక లేడీస్ హాస్టల్ ఉంది. అందులో అరవై మంది ఆడపిల్లలు. ఆ అరవై మందికీ పొద్దున టిఫిను, రెండు పూటలా అన్నం వండిపెట్టేది లచ్చమ్మ. పద్నాలుగేళ్ళుగా వండుతోంది. పిల్లలు కోర్సులు నేర్చుకుని వెళ్ళిపోతారు, కొత్తవాళ్ళు వస్తారు, సాంబారు పల్చగా ఉందన్న ఫిర్యాదు మాత్రం అక్కడే ఉంటుంది. అది పల్చగానే ఉంటుంది మరి. పప్పు కొలిచి ఇచ్చేది హాస్టల్ ఓనరు ఉదయలక్ష్మి, తిట్లు తినేది లచ్చమ్మ.

లచ్చమ్మకు షుగర్ ఉందని తెలిసి పన్నెండేళ్ళయింది. ఒకనాడు దోసెలు పోస్తూ పోస్తూ పొయ్యి పక్కనే కూలబడిపోయింది. ఉదయలక్ష్మి ఆమెను పక్క సందులో ఉన్న డాక్టర్ హనుమత్ప్రసాద్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక్క గది క్లినిక్, బయట ఒక బెంచీ, ఆనుకుని మెడికల్ షాపు. ఆయనది రాజమండ్రి వైపు. చదువు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. అప్పటికే అరవై దాటాయి.

"లచ్చమ్మగారూ, కూర్చోండి" అన్నారు.

పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ గారు అని పిలవలేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని లచ్చమ్మ తిరిగి చూసింది. వెనక గోడ, గోడకు క్యాలెండరు తప్ప ఏమీ లేవు.

ఆ మొదటి రెండేళ్ళు ఎన్ని బిళ్ళలు మింగినా షుగర్ దిగలేదు. ఇంకొకరైతే డోసు పెంచి పంపేసేవారు. ఈయన పెన్ను పక్కన పెట్టి, "పొద్దున నాలుగింటికి లేచింది మొదలు ఏం చేస్తారో చెప్పండి, ఏదీ వదలకుండా" అని అడిగారు. ఆమె చెప్పింది. చట్నీలో ఉప్పు చూడటం, టీలో తీపి చూడటం, ఆదివారం పాయసం మూడుసార్లు చూడటం. డాక్టర్ గారికి నవ్వొచ్చింది.

"మీ భోజనానికి ముందే అరవై మంది భోజనం మీరే చేసేస్తున్నారమ్మా" అన్నారు.

రుచి చూసి ఉమ్మేయమంటే లచ్చమ్మ ఒప్పుకోలేదు. అన్నం ఉమ్మినాక అదే చేత్తో మళ్ళీ గరిటె ఎలా పడుతుంది? దాంతో ఆయనే ఉదయలక్ష్మికి ఫోన్ చేసి, ఆ రుచి చూసే పని ఆమెకు అప్పగించారు. ఉదయలక్ష్మి నాలుగు కిలోలు పెరిగింది, లచ్చమ్మ షుగర్ దిగింది. హాస్టల్ మెనూ ఆయనకు కంఠతా వచ్చేసింది. "ఇవాళ గురువారం, పులిహోర కదా. చిన్న గిన్నెడు చాలు" అనేవారు. ఒక్క నెల రాకపోతే మర్నాడే ఫోన్ చేసేవారు.

నాలుగేళ్ళ కింద లచ్చమ్మ పెనిమిటి పోయాడు. సెంట్రింగ్ పని చేసేవాడు. మూడో రోజున డాక్టర్ గారు యూసుఫ్‌గూడలో ఆమె ఉండే గదికి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆమె బీపీ చూశారు. ఆమెకు ఏడుపు రావడం లేదు. వచ్చిన చుట్టాలు అదే చెవులు కొరుక్కుంటున్నారు. "ఏడవకపోతే తప్పేం లేదమ్మా, మందులు మాత్రం మానకండి" అని ఆయన లేచి వెళ్ళారు. పదకొండు రోజులయ్యాక లచ్చమ్మ పనిలోకి వచ్చింది, ఇడ్లీ పిండి రుబ్బింది. దుఃఖం తర్వాత వస్తుందేమోనని కొన్నాళ్ళు చూసింది. రాలేదు. కూతురు నవీన ఆడపిల్లను కన్నప్పుడు కూడా చేతిలో పెట్టిన పసికందును చూసి, మంచిగుంది అనుకుంది, అంతే.

అరికాళ్ళ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒకనాడు కూరగాయలు కొనుక్కుని గదికి చేరేసరికి ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. ఎక్కడ జారిపోయిందో, ఎంత దూరం అట్లా నడిచిందో తెలియదు. ఇది షుగర్ వల్లనేనని డాక్టర్ గారు చెప్పారు. నరాలు మొద్దుబారతాయి, దెబ్బ తగిలినా తెలియదు, పుండు పడితే కాలు పోతుంది. అందుకని మూడు నెలలకోసారి కాళ్ళు చూడాలన్నారు.

చూడటమంటే ఆయన కింద చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె పాదం తన ఒళ్ళో పెట్టుకుంటారు. ఒక పిడికి గుచ్చిన సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద పది చోట్ల తాకుతారు. ఆమె కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పాలి.

మొదటి రోజు లచ్చమ్మ పాదం లటుక్కున వెనక్కి లాక్కుంది.

"నా కాళ్ళు మీరు వట్టుడేంది సార్. నాకు పాపం తగుల్తది."

"చూడకపోతే నాకు తగులుతుందమ్మా. కళ్ళు మూసుకోండి."

మూసుకుంది. ఏమీ తగల్లేదు. కాసేపటికి ఒక కన్ను కొంచెం తెరిచి చూసింది. పెద్దాయన బట్టతల ఆమె పగిలిన మడమల మీదికి వంగి ఉంది. దేవుడి ముందు కూడా అంతసేపు ఎవరూ వంగరు. లచ్చమ్మకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఈ పని త్వరగా అయిపోతే చాలనుకుంది. ఆయన వంగినప్పుడు స్టూలు కిర్రుమంది.

"తగిలింది సార్" అంది.

"శభాష్" అన్నారు ఆయన. ముఖమంతా నవ్వు.

పది సార్లు స్టూలు కిర్రుమంది, పది సార్లు ఆమె తగిలిందంది. పాదాల్లో స్పర్శ బాగుందని ఆయన ఫైలులో రాసుకుని, చెయ్యి కడుక్కుంటూ ఏదో కూనిరాగం తీశారు. లచ్చమ్మ వంట తిని ఎవరూ అంత సంతోషపడిన పాపాన పోలేదు. ఆ నవ్వు చూడటం ఆమెకు ఇష్టమైంది. ఏదైనా ఇష్టం కావడమే అరుదైపోయిన రోజుల్లో అదొకటి. మూడేళ్ళు అట్లాగే గడిచాయి. వంటగదిలో కూడా చెప్పులు వేసుకోమని ఆయన చెప్పారు. అన్నం దగ్గర చెప్పులేమిటని లచ్చమ్మ వినలేదు. స్పర్శ బాగుంది కదా అని ఆయన కూడా గట్టిగా పట్టుబట్టలేదు.

మొన్న జూలైలో గంజి వార్చేటప్పుడు డేగిసా జారింది. గంజి కుడికాలి మీద పడింది. తడిసిందని చూసుకుని, గుడ్డతో తుడుచుకుని, పప్పు తాలింపు వేసింది. సాయంత్రం ఉదయలక్ష్మి వంటగదిలోకి వచ్చి, "ఏంటి లచ్చమ్మా, ఈ నేలంతా తడి తడి అడుగులేంటి?" అంది. బొబ్బ పగిలి నీరు కారుతోంది. లచ్చమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది. నొప్పి లేనిది డాక్టర్ దాకా ఎందుకనుకుంది. ఆరో రోజున వాసన వచ్చింది. మొదట ఉల్లిగడ్డల బుట్టలో ఏదో కుళ్ళిందనుకుని బుట్టంతా బోర్లించి వెతికింది.

కట్టు విప్పి చూడగానే డాక్టర్ గారు లేచారు. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళకు రేపు రమ్మని చెప్పి, ఆటో పిలిచి, తనే పక్కన కూర్చుని ఆమెను పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చీము ఎముక దాకా పోయింది. చివరి రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కుతుందో లేదో పది రోజులు చూడాలన్నారు. పాదం పోతే నిలబడలేదు, నిలబడలేకపోతే వండలేదు, వండలేకపోతే ఆమెకు వేరే పని రాదు. నవీన మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. లచ్చమ్మ మాత్రం కిటికీలోంచి ఫ్లైఓవర్ మీద పోయే బండ్లను చూసింది. భయం కూడా వేయలేదు.

డాక్టర్ గారు రోజూ సాయంత్రం మెట్రోలో వచ్చేవారు. అమీర్‌పేట నుంచి ఒక్క స్టేషనే. కాని డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళు. వచ్చి కట్టు చూసి, చార్టు చదివి, స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఎనిమిదో రోజున చెప్పారు.

"మే నెలలో కూడా పది చోట్లా స్పర్శ బాగుందని రాశానమ్మా. రెండు నెలల్లో ఇంత పోదు. అంటే దారం ఎంత గట్టిగా నొక్కుతున్నానో నా చేతికే తెలియట్లేదన్నమాట. వయసైపోయింది. ఈ నెలాఖరుకి క్లినిక్ మూసేస్తున్నాను. ఇంకొకరి కాలు పోకముందే."

అప్పుడే చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. కాని నోరు తెరిచి, మాటలు కూర్చి, ఆయన ముఖం చూస్తూ చెప్పడమన్నది ఎవరో వేరే మనిషి చేయాల్సిన పనిలా అనిపించింది. లచ్చమ్మ కళ్ళు మూసుకుంది. పడుకుందనుకుని ఆయన వెళ్ళిపోయారు.

పాదం దక్కింది. ఇంటికి పంపారు. రెండు రోజుల తర్వాత కట్టు మార్పించుకోవడానికి కర్ర పట్టుకుని క్లినిక్‌కు వచ్చింది. బెంచీ నిండా మనుషులు. ఇక ఎవరి దగ్గరికి పోవాలో మాట్లాడుకుంటున్నారు. "సార్‌కు చెయ్యి వణుకుతుందంట" అని ఒకామె అంటే, "కండ్లు సుత కనిపిస్తలేవంట" అని ఇంకొకాయన అన్నాడు. ఆ మాట లచ్చమ్మను పట్టుకుంది. ఆయన చెయ్యి ఏనాడూ వణకలేదు. వణికి ఉంటే దోసె పెనం మీద పద్నాలుగేళ్ళు చెయ్యి తిప్పిన తనకు తెలిసేది.

లోపల ఆయన కట్టు విప్పుతుండగా చెప్పేసింది.

"మీ చేతుల తప్పు లేదు సార్. నేనే అబద్ధం చెప్పిన. నాకెన్నడు తగలలే."

"తగిలిందని మీరే అన్నారుగా?"

"మీరు వంగితే స్టూలు కిర్రుమంటది. గప్పుడు అంటుంటి."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు సంది."

ఆయన దూది పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆగింది. "ఎందుకమ్మా?"

"మీరు మంచిగ నవ్వుతుంటిరి సార్."

ఈ మాటతో ఆయన మనసు తేలిక పడుతుందని, క్లినిక్ మూయనంటారని లచ్చమ్మ అనుకుంది. తిట్టినా పర్వాలేదనుకుంది. ఆయన తిట్టలేదు. ముఖం ఇంకా పాలిపోయింది.

"మధ్య మధ్యలో తాకకుండా ఊరికే అడిగి చూడాలి. నా జూనియర్లకి నేనే నేర్పాను. మీ దగ్గర అలా చేస్తే మిమ్మల్ని దొంగని చేసినట్టు ఉంటుందనిపించింది" అన్నారు. దూది పక్కన పెట్టి, "ఇంకెంతమందమ్మా? మీలాగే నన్ను సంతోషపెట్టినవాళ్ళు?" అన్నారు.

తెలియదు అనొచ్చు. ఆయన నమ్ముతారు కూడా. కాని లచ్చమ్మకు తెలుసు. వంతు కోసం బయట కూర్చున్నప్పుడు పొద్దుపోక, నవ్వుకోవడానికి, ఆ స్టూలు సంగతి ఆమే చెప్పింది. ఇదొక ఉపాయమన్నట్టు చెప్పింది. వాళ్ళూ నవ్వారు.

"ముగ్గురు సార్. పూలమ్మే హైమవతికి, మిషన్ కుట్టే సంగీతకు, మెట్రో కాడ వాచ్‌మన్ ఐలయ్యకు. నేనే చెప్పిన."

డాక్టర్ గారు లేచి తలుపు తీశారు. ఐలయ్య బెంచీ చివర కూర్చుని ఉన్నాడు, యూనిఫాం చొక్కా, చెప్పులు లేని కాళ్ళు. లోపలికి రమ్మంటే, ఇంకా తన వంతు రాలేదని మొహమాటపడుతూ వచ్చాడు. దర్జాగా నడిచాడు. లచ్చమ్మ పక్క కుర్చీలో కూర్చుని, అలవాటు ప్రకారం అడగకముందే కళ్ళు మూసుకున్నాడు.

డాక్టర్ గారు దారం తీయలేదు. అతని పాదం ఎత్తి అరికాలు దీపం వైపు తిప్పారు. మడమకు కొంచెం ముందు ఒక మేకు తల మెరుస్తోంది. చుట్టూ చర్మం నల్లగా కమిలి, మేకును మూసేయడానికి చూస్తోంది. ఎన్నాళ్ళ నుంచి దాని మీద నిలబడి జనాన్ని లోపలికి పంపుతున్నాడో.

లచ్చమ్మకు భయం వేసింది. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. తన రెండు వేళ్ళు పోయినప్పుడు రానిది, ఇప్పుడు ఈ మనిషి కాలు చూసి వచ్చింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయిపోయిందా సార్? డ్యూటీకి పోవాలె" అంటూ ఐలయ్య కళ్ళు తెరిచి లేవబోయాడు.

లచ్చమ్మ కర్ర వదిలేసి అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. "కూసో ఐలయ్యా. నీకు నేను తప్పు చెప్పిన" అంది. అతనికి ఏమీ అర్థం కాలేదు. డాక్టర్ గారు పట్టకారుతో మేకు తల పట్టుకుని బయటికి లాగుతున్నంతసేపూ, ఐలయ్య ఆమె ముఖంలోకి చూసి నవ్వుతూనే ఉన్నాడు.