అంగడి గది కందాయం

నా నోరు మంచిది కాదని చింతామణిలో మా వీధి వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. నగరసభ నుంచి కందాయం చీటీ తెచ్చిన మనిషిని ఆ పొద్దు గడప మీద నిలబెట్టి నేను కడిగిన కడుగుడు వింటే మీరూ అదే అంటారు. మా ఇంటి పన్ను ఒక్కసారిగా మూడింతలైంది. పైగా కింది అంతస్తు మొత్తం వ్యాపార స్థలమని రాశారు. వంటిల్లు, పడకగది, దేవుడి మూల అన్నీ అంగడేనట!

"ఏమప్పా, నా వంటింట్లో ఎవురికి బేరం చేస్తాండా నేను? పప్పు తిరగమాతకు మీకేమన్నా రేటు కట్టినానా?"

"నన్నడిగితే ఏం లాభమమ్మా? కొలిచేదానికి వచ్చినోళ్లు చూసిందే రాసినారు. పొద్దున్నే షట్టరు ఎత్తిండాది, లోపల కాటా ఉండాది, దీపం, ఊదుబత్తి ఉండాది. అది అంగడి కాకుంటే ఇంకేంది?"

వాళ్లు చూసింది నిజమే.

వీధి వైపు ఉన్న ఆ గది మా ఆయన పశువుల మేత అంగడి. చెనక్కాయల చెక్క, తవుడు, పత్తిగింజల పిండి అమ్మేవాడు. సాదలి వైపు నుంచి కూడా ఆవులున్నవాళ్లు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆయన పోయాక సరుకంతా వేరే అంగడివాళ్లు తీసుకెళ్లారు. కాటా, ఆయన కూర్చునే కుర్చీ మిగిలాయి. మా ఇళ్లలో యజమాని పోయిన ఏడాది అంగట్లో దీపం ఆగనివ్వరు. బేరం లేకపోయినా సరే, పొద్దున్నే షట్టరెత్తి, మెట్ల మీద నీళ్లు చల్లి, కాటాకు పువ్వు పెట్టి దీపం వెలిగించాలి. సంవత్సరీకం అయ్యాక మానేయాలి. నేను మానలేదు.

ఎందుకు మానలేదో ఎవరికీ చెప్పలేదు. ఆయన అక్కడే ఉన్నాడు. దీపం వెలిగించి ఇటు తిరిగితే వెనక కుర్చీ కిర్రుమనేది. ఆ తర్వాత ఒక పొడి దగ్గు వినిపించేది. తవుడు దుమ్ము గొంతులో పడి ఏళ్ల తరబడి దగ్గిన ఆ దగ్గు నాకు తెలియదా? గది కడిగించాను, సున్నం కొట్టించాను. అయినా కొన్ని పొద్దులు అప్పుడే మూట విప్పినట్టు చెనక్కాయల చెక్క వాసన గుప్పుమనేది. అబద్ధమెందుకు, భయం వేసేది. ఆ భయంతోనే గడప దగ్గర కూర్చుని పాల రేటు, పక్కింటి గొడవ, కూతురి దగ్గు మందు, అన్నీ చెప్పేదాన్ని. బదులు వచ్చేది కాదు. బతికున్నప్పుడూ నా మాటకు ఆయన బదులిచ్చింది తక్కువే, కాబట్టి నాకేమీ లోటనిపించలేదు.

నా కూతురు బాగేపల్లిలో హైస్కూలు టీచరు. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఇల్లు గడిచేది దాని జీతం మీదే. ఆ పన్ను కూడా దాని నెత్తిన వేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ పిల్లది ఉడుంపట్టు. చీటీ చూసిన సాయంత్రమే అందరినీ కనుక్కొని వచ్చింది.

"ఊరికే అరిస్తే ఏమొస్తాదమ్మా? గడువులోపల ఆక్షేపణ అర్జీ ఇయ్యల్ల. అప్పుడు వాళ్లే వచ్చి మళ్లా కొలవల్ల. ఈడ ఒప్పుకోకుంటే చిక్కబళ్ళాపురంలో జిల్లా ఆఫీసుకు పోదాం."

అర్జీకి ఇల్లు ఎవరి పేరున ఉందో చూపే ఖాతా నకలు, పాత రసీదులు జతచేసింది. ఇచ్చినట్టు ముద్ర వేయించుకుంది. ఏ గది ఎంత కొలిచారో, దేనికింద రాశారో ఆ నకలూ అడిగి తెచ్చింది. అందులో చూస్తే, పెరట్లో ఎప్పుడో కూలిపోయిన పశువుల కొట్టాన్ని కూడా ఇంట్లో కలిపేశారు. ఓరి మీ లెక్క పాడుగాను అనుకున్నాను.

అంగడి లేదని చూపించాలంటే ఆయన పేరు మీద ఉన్న లైసెన్సు రద్దు కావాలన్నారు. మరణపత్రం తీసుకుపోయి రద్దు చేయించాం. మర్నాడు పొద్దున దగ్గు చాలాసేపటికి గానీ వినిపించలేదు. తర్వాత కరెంటువాళ్లు వచ్చి అంగడి మీటరును ఇంటి మీటరుగా మార్చారు. మర్నాడు కుర్చీ కదల్లేదు. వాసన ఒక్కటే వచ్చింది, అదీ పల్చగా. ఇదంతా ఆపేద్దామని కూతురితో అనబోయాను. బస్సు దిగి వచ్చి చెప్పులు విప్పుతున్న దాని మొహం చూసి ఊరుకున్నాను.

నగరసభవాళ్లు చూడటానికి వచ్చే రోజు పొద్దున్నే కూతురు నా చేతిలోని అగ్గిపెట్టె లాక్కుంది.

"ఈ పొద్దు ఒక్కదినం దీపం వద్దమ్మా. షట్టరు దించే ఉండనీ. దీపం చూసినారంటే అర్జీ నీళ్లపాలే."

"నీకేం తెలుసే? మీ నాయన..." అని ఆగిపోయాను.

"నాయన? ఏంది?"

"ఏం లేదులే. పో, కాఫీ పెట్టు."

ఒక అధికారి, టేపు పట్టుకోవడానికి ఒక మనిషి వచ్చారు. అధికారి మర్యాదస్థుడు. కాసేపు కన్నడంలో, కాసేపు మన తెలుగులో మాట్లాడాడు. వంటిల్లు, పడకగది కొలిచి, ఇవి ఇల్లేనని రాసుకున్నాడు. కొట్టం ఉండిన చోట మునగచెట్టు చూసి నవ్వాడు. చివరికి లోపలి తలుపు గుండా అంగడి గదిలోకి వెళ్లాం. షట్టరు దించి ఉండటంతో పగలే చీకటిగా ఉంది. టేపు మనిషి కొస పట్టుకొని కుర్చీ ఉన్న మూలకు పోయి, అక్కడే నిలబడిపోయాడు.

"సార్, ఈడ ఎవురో ఉండారు. దగ్గినట్లాయ."

కూతురు నా వైపు చూసింది. నాకే కాదు, ఇంకొకరికి కూడా వినిపించింది! అధికారి మొహంలో మర్యాద పోయి అనుమానం వచ్చింది.

"ఏమమ్మా, ఎవురికన్నా బాడిగకు ఇచ్చిండారా? లోపల ఎవురుండారు? నిజం చెప్పండి. మీరు చెప్పిందే ఈ తనిఖీ కాయితంలో, మహజరులో, రాయల్ల. అబద్ధమైతే కందాయంతో పోదు."

ఉన్నాడని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కూతురు చీకట్లో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవురూ లేరప్పా" అన్నాను మెల్లగా.

"ఏంది? సరిగ్గా వినపడలేదు."

"ఈడ ఎవురూ లేరు. అంగడి లేదు, బేరం లేదు. ఉండిన మనిషి పోయినాడు!"

గట్టిగానే అన్నాను, ఆ గదంతా వినబడేలా. ఆయన పోయినప్పటి నుంచి ఊరు ఊరంతా ఆ మాట అంది గానీ, నేను అనడం అదే మొదటిసారి. అధికారి షట్టరు ఎత్తించి మూలమూలా చూశాడు. కుర్చీ తప్ప ఏమీ లేదు. మహజరులో రాసి చదివి వినిపించాడు. పక్కింటివాళ్లిద్దరు సాక్షి సంతకాలు చేశారు. నేనూ చేశాను.

అర్జీ గెలిచింది. కొత్త చీటీలో అంగడి లేదు, కొట్టం లేదు, ఇల్లొక్కటే ఉంది. కూతురు మైసూరుపాకు తెచ్చి వీధంతా పంచింది. ఇప్పుడు వీధిలో ఎవరికి కందాయం ఎక్కువొచ్చినా నా దగ్గరికే వస్తారు. కొలతల నకలు అడగండి, అర్జీ మీద ముద్ర వేయించుకోండి, వాళ్లొచ్చిన రోజు ఇంట్లోనే ఉండండి అని ఓపికగా చెబుతాను. నా నోరు మంచిదైపోయిందని కొందరు ఆశ్చర్యపోతున్నారు.

మహజరు అయిన మర్నాడు పొద్దున్నే షట్టరెత్తి నీళ్లు చల్లాను, దీపం పెట్టాను. గదిలో సున్నం వాసన తప్ప ఇంకేమీ లేదు. ఎండ లోపలికి వచ్చేదాకా గడప దగ్గరే కూర్చున్నాను. అది కందాయం కోసం అన్న మాట, మనసులో మాట కాదు అని కుర్చీకి చెప్పాను. ఆ తర్వాతా ఎన్నో పొద్దులు చెప్పాను, ఏడ్చి చెప్పాను, తిట్టి కూడా చెప్పాను. బతికున్నప్పుడూ ఆయనంతే. లేదు పొమ్మన్నవాళ్ల గడప మళ్లీ తొక్కేవాడు కాదు.