పదకొండో నంబరు బూట్లు

ఫ్యాను కిందికి జరిగి కూర్చోండి. పిల్లల్ని కూడా దగ్గరికి లాక్కోండి. బయట ఆళ్లగడ్డ ఎండకు తారు మెత్తబడుతోంది. నేను చెప్పబోయేది మంచు సంగతి.

సైన్యంలో చేరిన కొత్తలో, నంద్యాలలో రైలెక్కిన ఆరో రోజు మధ్యాహ్నం లద్దాఖ్‌లో లారీ దిగాను. అక్టోబరు నెల. ఎండ కాస్తూనే ఉంది, చలికి చెవులు మండుతున్నాయి. చెట్టన్నది లేదు. బోడి కొండలు, వాటి నెత్తిన తెలుపు. పది అడుగులు వేస్తే ఆయాసం. నాకు స్టోరు డ్యూటీ వేశారు. కొండల పైనున్న కాపలా పోస్టులకు చలి సామాను పంపడం మా పని. మంచు పడిందంటే దారి మూసుకుపోతుంది. మళ్లీ వేసవి దాకా పైవాళ్లకు మేం పంపిందే గతి.

స్టోరు క్లర్కు హవల్దారుది మన డోన్ ఊరే. మా దళంలో తెలుగువాళ్లం చాలామందిమి. ఆయన కంప్యూటర్లో పొడుగాటి షీటు తెరిచాడు. మనిషికొక వరుస. పేరు, పోస్టు, బూటు సైజు. పదో తరగతి ఎలాగో గట్టెక్కిన నాకు అది చీమలబారులా కనిపించింది.

"దీంట్లో ఏం తెలుస్తాదన్నా?"

"మీ ఇంట్లో ఉల్లిగడ్డలు ఎట్ల ఏరుతారప్పా? పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప. ఇదీ అంతే."

ఏవో మీటలు నొక్కాడు. చీమలబారు పోయి నాలుగు వరుసలు మిగిలాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఒక్కో సైజుకు ఎదురుగా ఏ పోస్టుకు ఎన్ని జతలు కావాలో ఉంది. అడుగున మొత్తం. చూస్తే ముచ్చటేసింది. కానీ ఏదో తక్కువైంది.

"పదకొండు కుప్ప యాడన్నా?"

"ఎవరికీ లేదు. ఉంటే అదే వచ్చేది."

"మన గోస్పాడోడు పైన ఉండాడు గదా!"

గోస్పాడోడంటే గోస్పాడు ఊరి నుంచి వచ్చి, పై పోస్టులో రేడియో చూసే జవాను. ట్రైనింగులో నా పక్క మంచం వాడిదే. వాడివి పదకొండో నంబరు కాళ్లు. అక్కడిచ్చిన పదో నంబరు క్యాన్వాసు బూట్లు పట్టక, ముందు భాగం బ్లేడుతో కోసి, వేళ్లు బయటికి వదిలేవాడు. షీటులో చూస్తే వాడికి ఎదురుగా పది అని ఉంది. మందపాటి మేజోళ్లు తొడిగి, పదో నంబరు బూట్లలో కాళ్లు ఇరికించి, మంచులో కాపలా కాస్తే రక్తం ఆడదు. వేళ్లు నల్లబడతాయి. చివరికి కోసేయాల్సి వస్తుంది. ఆఖరి లారీ మర్నాడు ఉదయం ఆరింటికి.

హవల్దారు రేడియో సెట్ నా చేతికిచ్చాడు.

"రేయ్, నీ కాలి సైజెంత? ఓవర్."

"పది. ఓవర్."

"అబద్ధం చెప్తాండావ్. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత గొంతు బాగా తగ్గించాడు.

"అన్నా, సైజు రాసుకునేప్పుడు అందరూ ఆడనే ఉండిరి. చాటకాళ్లోడని నవ్వుతారని పది అనేస్తి. ఇప్పుడు గూడా అందరూ వింటాండారు. వదిలెయ్. ఓవర్."

ఇంకో పోస్టు నుంచి తెలుగు గొంతు ఒకటి దూరింది. "వింటాండాంలేప్పా! వేళ్లే పోతే ఇంక చాటలు యాడివిరా? చెప్పుకో!"

సెట్ నిండా నవ్వులు.

"సరే, పదకొండు" అన్నాడు వాడు. ఓవర్ అనడం మరిచిపోయాడు.

హవల్దారు పది చెరిపి పదకొండు కొట్టాడు. మళ్లీ కుప్పలు వేయించాడు. పదిలో ఒకటి తగ్గింది. దాని కింద కొత్త వరుస మొలిచింది. పదకొండు, ఒక జత.

"వచ్చెరా నీ కుప్ప!" అని నా వీపు చరిచాడు.

స్టోరంతా వెదికాం. ఆ సైజు ఎవరూ అడగక వెనక అరలో దుమ్ము పట్టి ఉంది. దులిపి, వాడి పేరు రాసిన చీటీ కట్టి, లారీలో నేనే పెట్టాను. పైకి చేరాక సెట్‌లో పిలిచాడు.

"సరిపోయినాయన్నా. లోపల వేళ్లు ఆడిస్తాండా. ఓవర్."

వేసవి మొదట్లో పోస్టు కింది దాకా లారీ దారి తెరిచారు. పైవాళ్లను దించడానికి పోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడి నుంచి పైకి ఇంకా మోకాలి లోతు మంచు. గోస్పాడోడు కాళ్లకు పది వేళ్లతో, ఎండకు కమిలిన ముఖంతో, అందరికంటే ముందు నడిచి దారి తొక్కాడు. ఆ వారమే నాకు సెలవు వచ్చింది. నంద్యాల స్టేషన్లో దిగి, బస్సెక్కి, ఇంటికి చేరాను.

ఉద్యోగం వదిలి ఏళ్లయింది. ఆ కొండల పేర్లు కొన్ని కలిసిపోతున్నాయి. ఒకటి మాత్రం చెదరదు. ఎండలో మెరిసే తెల్లటి వాలు. దాని మీద పై నుంచి కింది దాకా పెద్ద పెద్ద అడుగులు. వాటిలోనే జాగ్రత్తగా కాలు పెట్టుకుంటూ, నవ్వుకుంటూ, ఒకరి వెనక ఒకరు దిగి వస్తున్న మావాళ్లు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడప దాటి ఎంత దూరం పోయినవాళ్లయినా క్షేమంగా వచ్చి, మళ్లీ ఆ గడప ముందరే చెప్పులు విడవాలి.