స్టీరింగు వాల్వుకు తలా ఒక తిప్పు

రిటైరయ్యే ముందు ఎండాకాలంలో నన్ను మణుగూరు నుంచి భద్రాచలం వైపు అడవిలో వేస్తున్న రోడ్డుకు ప్లాంట్ ఇంజనీరుగా పంపారు. పేరు గొప్పే కానీ, రోడ్డు వేసే యంత్రాల బాగోగులు చూడటమే ఆ పని. అక్కడ నా ప్రాణం తీసింది మట్టి చదును చేసే గ్రేడరు. దాని స్టీరింగుకు ఆయిల్ తీసుకెళ్లే హోసు ఊరికూరికే పగిలేది.

హోసు పగిలితే ఇక చక్రాలు మాట వినవు. మేమేమో గుట్ట అంచున పనిచేస్తున్నాం. ఒకసారి గ్రేడరు లోయవైపు జారి టేకుచెట్టుకు ఆనుకుని ఆగింది. ఇంకొక్క హోసు పగిలితే ఆపరేటర్లిద్దరినీ పనిలోంచి తీసేస్తానని మేనేజరు తేల్చి చెప్పారు.

ఆ ఇద్దరిలో ఉదయం డ్యూటీ ఎల్లన్నది. మణుగూరు బొగ్గుగని కుటుంబంలో పుట్టినవాడు. మధ్యాహ్నం డ్యూటీలోకి దిగేది మధిర మనిషి సత్యం. స్టీరింగు వ్యవస్థలో రిలీఫ్ వాల్వు ఒకటి ఉంటుంది. చక్రాలు చివరిదాకా తిరిగి ఆగినప్పుడు, ప్రెషరు హద్దు దాటకుండా అది ఆయిల్‌ను ట్యాంకులోకి వదిలేస్తుంది. దాని స్క్రూ బిగిస్తే స్టీరింగు తేలికవుతుందని ఇద్దరికీ గట్టి నమ్మకం. నిజానికి పెరిగేది ప్రెషరు హద్దే, హోసు పగిలేదీ అందుకే.

"సత్యం వదులు చేసి పోతడు సార్, నేను వచ్చి బిగిస్త" అన్నాడు ఎల్లన్న. "ఎల్లన్నే వదులు చేసి పోతాడండి" అన్నాడు సత్యం. వదులు చేసేవాడెవడూ లేడు! కూరలో ఇద్దరు తోడికోడళ్లు ఉప్పు వేసినట్టు, డ్యూటీ మారినప్పుడల్లా తలా ఒక తిప్పు బిగించడమే.

గేజీ పెట్టి ప్రెషరు సరిచేశాను. స్క్రూకు తీగ చుట్టి సీసం సీలు వేశాను. మర్నాటికి సీలు మాయం.

"సీలు ఏదయ్యా?" అంటే, "కోతులు పీకినయేమో సార్" అన్నాడు ఎల్లన్న, కళ్లలోకి చూస్తూ. ఒళ్లు మండిపోయింది.

అప్పుడు స్క్రూనే తీసేసి, వాల్వులోని స్ప్రింగు కింద వాషర్లతో ప్రెషరు కుదిర్చి, పైన మూత బిగించాను. స్టీరింగు బరువుకు అసలు కారణమైన ఫిల్టరులోని మడ్డి కడిగించాను. అయినా ఇద్దరూ రాయి లెక్క ఉందంటూ మొత్తుకున్నారు. విసిగిపోయి, పక్కనే దేనికీ తగలని ఒక ఉత్త స్క్రూ వెల్డింగు చేయించి, ఇక తిప్పుకోండన్నాను. తిప్పుకున్నారు. వానలు పడేదాకా ఒక్క హోసూ పగల్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పని ముగిసి, మేనేజరు ఇద్దరి పేర్లూ తర్వాతి సైటుకు కూడా రాసిన రోజు ఎల్లన్న నన్ను పక్కకు పిలిచాడు. "ఆ స్క్రూ ఉత్తదని నాకు ఎరికే సార్. సత్యం గాడికి చెప్పకుండ్రి. అది తిప్పితేనే వానికి నిమ్మళం. వానికి అనుమానం రావద్దని నేను గూడ తిప్పిన" అన్నాడు.

సాయంత్రం సత్యం వచ్చాడు. "ఎల్లన్నకు చెప్పకండి సార్, చిన్నబుచ్చుకుంటాడు" అంటూ అదే కథ చెప్పాడు.

ఆ తర్వాత చేసిన కొద్దిపాటి సర్వీసులో ఏ యంత్రం సెట్టింగు మార్చాల్సి వచ్చినా, ముందు ఆపరేటర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఎందుకో చెప్పాకే పానా పట్టాను. ఉత్త స్క్రూలకు వెల్డింగు ఖర్చు మిగిలింది.