తనంతట తానే తినే పొయ్యి

మా ఇంట్లో నాకు అందరికంటే ఇష్టమైనది పొయ్యి. అమ్మ వింటే అలుగుతుంది, నాన్న వింటే పొంగిపోతాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

నాన్న కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పని చేస్తాడు. చుట్టుపక్కల గదుల్లో కిరాయికి ఉండే కార్మికులకు అమ్మ మా రేకుల షెడ్డులో భోజనాలు వండిపెడుతుంది. కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్లూ కట్టెలు ఎగదోయడం నా ఉద్యోగం. పుస్తకం తెరిచి ఒక పేరా పూర్తి చేసేలోపు మంట తగ్గేది, అమ్మ గొంతు పెరిగేది. కంపెనీలో బాయిలర్‌కు బొగ్గు దానంతటదే పోతుంటే, ఇంట్లో తన కూతురు కట్టెలు తోయడమేమిటని నాన్నకు ఒకనాడు రోషం వచ్చింది. పాత కారు వైపర్ మోటారు, ఒక ఇనుప గొట్టం, దాని లోపల మెలికలు తిరిగిన స్క్రూ, పైన బొగ్గు పోయడానికి గరాటులాంటి డబ్బా తెచ్చి, అన్నీ అతికించి బొగ్గు పొయ్యి తయారుచేశాడు. మోటారు తిరిగితే స్క్రూ తిరుగుతుంది. స్క్రూ తిరిగితే బొగ్గు ముక్కలు బుద్ధిగా మంటలోకి నడుస్తాయి. నేను పక్కన పీట వేసుకుని చదువుకుంటాను. నవలలూ కవిత్వమూ అన్నీ నాకు ఆ వైపర్ మోటారు పెట్టిన భిక్షే.

చిక్కల్లా, అది అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. పోయిన ఆదివారం అన్నం దింపి కోడికూర ఎక్కించామో లేదో, మోటారు ‘గీ’మని మూలిగింది. స్క్రూ ఆగిపోయింది.

“అయిపాయె,” అంది అమ్మ. “ఇగ నాతోని కాదు. రెండు కొట్టంగనే అందరు వచ్చి కూసుంటరు. గప్పటికి కూర ఉడకకుంటే ఈ డబ్బను పాతసామాన్లోనికి ఇచ్చి మల్ల కట్టెల పొయ్యి పెడ్త.”

కట్టెల పొయ్యి అంటే పొయ్యి ముందు నేను.

నాన్న వచ్చి ముందు మోటారు వైరు పీకేశాడు. తర్వాత స్పానర్ అందుకోవాలి కదా, అందుకోలేదు. ఇంట్లో ఏది చెడినా, బాగుచేసే ముందు ఆయన కారణం కనుక్కుంటాడు. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగితే అసలు కారణం దొరుకుతుందని కంపెనీలో వాళ్లకు నేర్పారు. ఐదో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే: పనిచేసేవాడి తప్పు. యంత్రాల మీద ఇంతవరకు ఒక్క నేరమూ రుజువు కాలేదట.

ఆయన పీట మీద సర్దుకుని కూర్చునేలోపు డబ్బాలోంచి పొగ మొదలైంది. స్క్రూ ఆగితే నిప్పు గొట్టం వెంట వెనక్కి పాకుతుంది. “ఇల్లు కాలుతున్నదిరో!” అని నాయనమ్మ మంచం మీంచి కేక పెట్టింది. అమ్మ బిందెడు నీళ్లు డబ్బాలో గుమ్మరించింది. పొగ చచ్చింది. నాన్న ముఖం కూడా.

అయినా విచారణ ఆగలేదు.

“ఎందుకు ఆగింది? స్క్రూ పట్టేసింది,” అని నాన్న వేలు మడిచాడు. “ఎందుకు పట్టేసింది? బొగ్గు ముద్దయింది. ఎందుకు ముద్దయింది? తడిసింది. ఎందుకు తడిసింది? నీళ్లు వడ్డయి. ఎందుకు వడ్డయి?” ఐదో వేలు మడవకుండా అమ్మ వైపు చూపించాడు.

“ఆగినంక గదా నేను పోసింది!”

“ముందుగాలనో, ఎనకనో. నీళ్లయితే పోసినవ్ గదనే. మా దగ్గర గిట్లనే రాస్తం.”

“మీ దగ్గర పెండ్లాలుండరు కొడకా,” అంది నాయనమ్మ. “ఈడున్నది. జెర సూస్కొని మాట్లాడు.”

అప్పుడు నాన్న స్పానర్ అందుకుని, స్క్రూను ముందుకే బలంగా తిప్పసాగాడు. అది మరింత బిగుసుకుంది. వాక్యం అర్థం కాకపోతే నేను వెనక్కి వెళ్లి చదువుతాను. స్క్రూకు మాత్రం వేరే ధర్మం ఎందుకుంటుంది? “ఎనుకకు తిప్పితే...” అన్నాను. నా మాట పళ్ల దాకా వచ్చి, బయట ఎంతమంది ఉన్నారో చూసి, వెనక్కి వెళ్లిపోతుంది. ఎవరికీ వినపడలేదు. అమ్మ చెవిలో చెప్పాను.

“బిడ్డ ఎనుకకు తిప్పమంటున్నది!” అని అమ్మ వీధంతా వినపడేలా అంది.

“ఎనుకకు తిప్పుడేంది? బొగ్గు ఉల్టా వస్తది.”

“రానీ. లోపటున్నదేందో అది గూడ వస్తది.”

వచ్చింది. ముందు నల్లటి తడి బొగ్గు. దాని వెనక స్క్రూకు చుట్టుకున్న తెల్లటి దారం, దారం కొసన ప్లాస్టిక్ సంచి పేలిక. నేనూ అమ్మా పట్టుకుని లాగుతుంటే బారెడు బారెడు వస్తూనే ఉంది. బొగ్గు బస్తా మూతి కుట్టు అది.

అమ్మ చేయి కడుక్కుని వేళ్లు ముందుకు చాపింది.

“స్క్రూ ఎందుకు పట్టేసింది? దారం సుట్టుకున్నది. దారం ఎందుకు వడ్డది? బస్తా మూతి డబ్బల వడ్డది. మూతి ఎందుకు వడ్డది? కత్తితోని కోసిన్రు. ఎందుకు కోసిన్రు?”

“కుట్టు ఊడుతలేదు,” అన్నాడు నాన్న నేల చూస్తూ.

“కోసిందెవలు?”

ఈసారి నాకు అమ్మ గొంతు అవసరం కాలేదు. “నువ్వే నాయినా,” అన్నాను. పొద్దున ఆయన బస్తా కోస్తుంటే నేను పుస్తకం మీంచి చూశాను. నాయనమ్మ నవ్వి నవ్వి దగ్గింది.

తడి బొగ్గు తీసేసి, పొడి బొగ్గు పోసి, మళ్లీ అంటించేసరికి భోజనాలవాళ్లు వచ్చి కూర్చున్నారు. కూర ఇంకా కుతకుతమంటోంది. ఒడిశా నుంచి వచ్చిన వెల్డరు ఒకాయన తొంగిచూశాడు. “క్యా ఆంటీ, ఆజ్ మెషీన్ ఖరాబ్?”

“మెషీన్ ఠీక్ హై. ఆపరేటర్ ఖరాబ్,” అంది అమ్మ.

షెడ్డంతా నవ్వింది. పాతసామాన్లవాడి మాట ఎప్పుడెత్తుతుందా అని నేను అమ్మ ముఖమే చూస్తున్నాను. అమ్మ మూత తీసి ఒక ముక్క నొక్కి చూసింది.

“పొయ్యి ఉండనీ,” అంది. “గానీ బస్తా కుట్టు ఊడదీసుడు నేర్చుకోవాలె. మీ దగ్గర తప్పు చేసినోనికి ట్రైనింగ్ ఇస్తరు గద?”

కుట్టిన బస్తాకు రెండు కొసలుంటాయి. ఒక కొస లాగితే కుట్టంతా ‘సర్ర్’మని ఒక్క ఊపులో విడిపోతుంది. రెండోది లాగితే ముడి పడి చస్తుంది. రోజూ బియ్యం బస్తాలు విప్పే అమ్మకు అది కళ్లు మూసుకున్నా తెలుసు. నాన్నకు తెలియదు. కొత్త బొగ్గు బస్తా ఆయన ముందు పడింది. మొదట తప్పు కొస లాగాడు. “దూస్రా, అంకుల్, దూస్రా!” అని పళ్లేల ముందు కూర్చున్నవాళ్లు అరిచారు. రెండో కొస పట్టి లాగేసరికి దారం మొత్తం చేతిలోకి వచ్చింది. నాన్న ఒక్క క్షణం దాన్ని తేరిపార చూశాడు.

“ఇంకోటి ఉన్నదా?” అని అడిగాడు.

“బియ్యంది ఉన్నది.”

అదీ విప్పాడు. తర్వాత పప్పు బస్తా. స్క్రూ నెమ్మదిగా తిరుగుతోంది, కూర ఉడుకుతోంది, పుస్తకం నా ఒళ్లో తెరిచే ఉంది. నేను మాత్రం ఒక్క పేజీ తిప్పలేదు. ఉల్లిగడ్డల సంచికి కూడా కుట్టు ఉందేమోనని నాన్న అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాడు.