పెట్టె సర్దప్పా

రాజరత్నం సారుకు ఏ జబ్బుకైనా ఒకటే మందు తెలుసు. గది మార్చడం. పిల్లవాడు పరీక్ష తప్పాడా, గది మార్చేవాడు. క్లాసులో మొదటివాడిగా వచ్చాడా, ఆ సంతోషంలో గది మార్చేవాడు. జ్వరం వస్తే గాలి మారాలని మార్చేవాడు, జ్వరం తగ్గితే తగ్గింది కదా అని మార్చేవాడు. ఊరికే ఈ మార్పులేమిటి సార్ అని ఎవడైనా అడిగితే, అడిగినందుకు వాణ్ణి మార్చేవాడు.

తొంభైల చివర్లో నేను నంద్యాలలో ఫాదర్ల కాలేజీలో డిగ్రీ చదివాను. కతోలిక ఫాదర్లు నడిపే ప్రైవేటు కాలేజీ అది. మహానందికి పోయే రోడ్డు మీద, ఊరు దాటిన తర్వాత, ఒక చర్చి, దాని ముందు మైదానం, మైదానానికి ఆ పక్క రెండంతస్తుల హాస్టలు. గదికి నాలుగు ఇనుప మంచాలు. ఆ హాస్టలుకు రాజరత్నం సారు వార్డెను. పొట్టి మనిషి. చేతులు వెనక్కి కట్టుకొని వరండాలో నడుస్తూ వచ్చి, ఏదో ఒక గది గుమ్మంలోంచి తల మాత్రం లోపలికి పెట్టి, ఒకటే మాట అనేవాడు.

"పెట్టె సర్దప్పా."

ఆ మాట వినగానే కొత్తవాళ్ల ప్రాణం పోయేది. ఏ హాస్టల్లోనైనా వార్డెను పెట్టె సర్దమన్నాడంటే ఇంటికి తరిమేస్తున్నాడనే అర్థం కదా. ఆళ్లగడ్డ నుంచి వచ్చి వారం కూడా కాని నేనూ అదే అనుకున్నాను. ఏ తప్పు చేశానో తెలియక, ఏడుపు ఆపుకొని, ఎస్టీడీ బూతుకు పరిగెత్తి, ఆళ్లగడ్డలో మా మేనమామకు ఫోన్ చేశాను. మా నాయన మెత్తని మనిషి. మా మామ అట్లా కాదు.

మధ్యాహ్నానికల్లా జీపు వచ్చింది. జీపులో మా మామ, మామ వెనక మీసాలవాళ్లు. జీపు దిగే తీరు చూసి మెస్సులో వంటవాళ్లు పొయ్యి వదిలి లోపలికి పోయారు. మామ పంచె ఎగగట్టి, మా రామకృష్ణగాడు ఏం తప్పు చేసినాడో చెప్పమని సారును నిలదీశాడు.

"తప్పేం లేదప్పా. పక్క గదికి పోతాండాడు, అంతే," అన్నాడు సారు. "వచ్చినారు గదా, మీరు ఆ పక్క పట్టండి."

మా మామ జీవితంలో ఎవరి మాటా విన్నవాడు కాదు. ఏమనుకున్నాడో, వంగి పెట్టె ఆ పక్క పట్టాడు. మీసాలవాళ్లు పరుపు చుట్టి తెచ్చారు. ఆ తర్వాత సారు వాళ్లందర్నీ మెస్సులో కూర్చోబెట్టి సంగటి పెట్టించాడు. పోయేటప్పుడు మామ జీపులోంచి తల బయటికి పెట్టి, మీ సారు మంచోడేరా, కాకపోతే నిన్ను యాల మార్చినాడో నాకు తెలీలేదు అని చెప్పి పోయాడు.

ఎందుకు మారుస్తాడన్నది మా హాస్టల్లో పెద్ద చర్చ. సారుకు వాస్తు పిచ్చి అని కొందరు. మేం ముఠాలు కట్టకుండా ఈ ఉపాయమని కొందరు. చిన్నప్పుడు సర్కస్‌లో పని చేసి ఉంటాడని వెంకటేష్. వాడిదీ మా ఆళ్లగడ్డ పక్కే, వాడి మాటకు అర్థం అడగకూడదు. కారణమేదైనా, ఫలితాలు మాత్రం మా ఒంటి మీద కనిపించేవి. ఒక్క గదిలో పుట్టిన నల్లులు మా పరుపులతో పాటు ఊరేగి, ఆ ఏడు హాస్టల్లో ప్రతివాడి రక్తమూ రుచి చూశాయి. పోస్ట్‌మన్ మద్దిలేటి గది నంబర్లు చూడటం మానేశాడు. మైదానం మధ్యలో నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు, ఎవడి పేరుకు వాడు ఏదో ఒక కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. మా ఇంట్లో కవరు మీద నా పేరు రాసి, కింద 'యాడుంటే ఆడ' అని రాసేవాళ్లు.

అందరికంటే ఎక్కువ గదులు మారినవాడు దాసరయ్య. అహోబిలం పైన నల్లమలలో ఒక చెంచుగూడెం నుంచి వచ్చాడు. ఆ గూడెంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. సారు గుమ్మంలో తల పెట్టి నోరు తెరిచేలోపే వాడి పెట్టె సర్దడం అయిపోయేది. ఎప్పుడు చూసినా వాడు వరండాలో పెట్టె నెత్తిన పెట్టుకొని ఒక గదిలోంచి ఇంకో గదికి పోతూ కనిపించేవాడు. వాడు ఏ గదివాడో మాలో ఎవడికీ తెలియదు. ఏ గదిలో అడిగినా, నిన్నటిదాకా మా దగ్గరే ఉండేనే అనేవాళ్లు.

సారుకు వాడంటే పడదని మేం తీర్మానించాం. వెంకటేష్ ఆ సంగతి వాడికే చెప్పాడు. "సారుకు నీమీద ఏందో కోపముండాదప్పా."

"ఉండనీలే," అని నవ్వి దాసరయ్య పెట్టె ఎత్తుకున్నాడు.

కాలేజీకి పెద్ద ఫాదర్ చౌరప్పగారు. దయగలవారే కానీ నియమం దగ్గర ఇనుము. ఆయన నియమం ఒకటి గోడకు కొట్టినట్టు అందరికీ తెలుసు: మంచానికి ఒక్కడు, మంచం లేనివాడికి హాస్టలు లేదు. వెనక ఒక ఏడు అడిగినవాడికల్లా చోటిచ్చి, వరండాల్లో కూడా పడుకోబెడితే, హాస్టలంతా కామెర్లు పాకాయట. అప్పటి నుంచి ఆ నియమం. ఫాదర్ అప్పుడప్పుడూ హాస్టలు చూడటానికి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ దాసరయ్య పెట్టెతో ఎదురయ్యేవాడు. యాడికప్పా అని అడిగితే, మారుతాండా ఫాదర్ అనేవాడు. పాపం అని ఫాదర్ పక్కకు జరిగి దారి ఇచ్చేవారు.

ఇట్లా రెండో సంవత్సరం చివరిదాకా బాగానే గడిచింది. అప్పుడు ప్రతాప్ వాళ్ల నాయన వచ్చాడు.

ప్రతాప్‌ది గడివేముల. పొలాలున్న ఇల్లు. వాళ్ల నాయన కొడుకు కోసం బుట్టెడు ఓళిగలు చేయించుకొని, ఎర్రటి ఎండలో బస్సు దిగి, కొడుకు చెప్పిన గదికి పోయాడు. ప్రతాప్ ఆ పొద్దున్నే మారిపోయాడు. ఆ గదిలోవాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, బుట్ట అందుకొని, ఇంకో గది చెప్పారు. ఆ గదిలోవాళ్లు మేడ మీదికి పంపారు. మేడ మీదివాళ్లు కిందికి పంపారు. పెద్దాయన హాస్టలంతా తిరిగి చివరికి కొడుకును పట్టుకొని, మొదటి గదికి వెనక్కి పోయేసరికి, బుట్టలో నెయ్యి మరకలు మిగిలాయి. తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఓళిగలు చాలా బాగున్నాయి.

ఆయన నేరుగా ఫాదర్ దగ్గరికి పోయి, నా కొడుకును నేను చూసుకోవాలంటే పోలీసుల్ని పిలుచుకోవాల్నా అని గట్టిగా అడిగాడు. ఫాదర్‌కు ఆ మాట తగిలింది. మర్నాడు అందర్నీ మైదానంలో నిలబెట్టి చెప్పారు. ఇక గదులు మార్చడం బందు. ఆదివారం పూజ అయ్యాక ప్రతి ఒక్కడూ తన మంచం పక్కన నిలబడాలి. ఎక్కడ నిలబడితే అదే వాడి మంచం, ఏడాది అయ్యేదాకా.

మేం చప్పట్లు కొట్టాం. నల్లుల బాధ తప్పుతుందని వెంకటేష్ ఈల కూడా వేశాడు. రాజరత్నం సారు మాత్రం ఒక పక్కన నిలబడి చర్చి గోపురం వైపు చూస్తున్నాడు.

శనివారం నేను సెలవు చీటీ మీద సంతకం కోసం సారు ఇంటికి పోయాను. సారు లేడు. ఆయన భార్య లూదియమ్మ గుమ్మంలో కూర్చొని చిక్కుళ్లు ఒలుస్తోంది. ఊరకుండలేక అడిగాను, ఇంట్లో కూడా సారు సామాన్లు ఇట్లాగే మారుస్తుంటాడా అమ్మా అని.

"ఇంట్లోనా?" అని ఆమె నవ్వింది. "కుర్చీ జరపమన్నా జరపడు నాయనా. పెండ్లయిన కాన్నుంచి ఆ మూలనే కూర్చుంటాడు, ఆ తట్టలోనే తింటాడు. మార్పంటే గిట్టదు ఆయనకు."

మార్పంటే గిట్టని మనిషి మమ్మల్ని ఎందుకిట్లా తిప్పుతున్నాడో అంతుబట్టలేదు. సంతకం లేకుండానే తిరిగొచ్చాను. పరీక్షలు దగ్గర పడుతుండటంతో ఆ వారం ఇంకెవడూ ఊరికి పోలేదు, నేనూ ఆగిపోయాను.

ఆదివారం పూజ అయింది. అందరం పరిగెత్తి మంచాల పక్కన నిలబడ్డాం. ఫాదర్ ఒక్కో గదీ చూసుకుంటూ వస్తున్నారు, సారు వెనకాలే నడుస్తున్నాడు. అన్ని గదులూ నిండుగా ఉన్నాయి, ఫాదర్ ముఖం కూడా తృప్తిగా ఉంది. చివరి గది దాటి వరండా మలుపు తిరిగేసరికి, అక్కడ దాసరయ్య నిలబడి ఉన్నాడు. కుర్చీలాటలో పాట ఆగినప్పుడు మిగిలిపోయినవాడిలాగా, పక్కన పెట్టె పెట్టుకొని.

"నీది ఏ గదప్పా?" అన్నారు ఫాదర్.

దాసరయ్య సారు వైపు చూశాడు. సారు నేల వైపు చూశాడు.

"నాకు గది లేదు ఫాదర్."

"మరి ఇన్నాళ్లు యాడ ఉండావు?"

"అన్ని గదుల్లో ఉండా ఫాదర్."

మేం తలుపుల్లోంచి తొంగి చూస్తున్నాం. ఫాదర్ సారు వైపు తిరిగారు. అప్పుడు సారు చేతులు కట్టుకొని అంతా చెప్పాడు. సీట్లు ఇచ్చే కబురు దాసరయ్య గూడేనికి చేరేసరికే హాస్టల్లో మంచాలు నిండిపోయాయి, రెండో ఏడూ ఒక్కటీ మిగల్లేదు. కాలేజీలో సీటుంది, ఫాదర్ల మెస్సులో ఆకలన్నవాడికి అన్నమూ ఉంది, పడుకోవడానికి మంచమే లేదు. ఎప్పుడూ ఎవడో ఒకడు ఊరికి పోతాడు కదా, వాడి మంచంలో దాసరయ్యను పెట్టాడు. వాడు తిరిగొచ్చేసరికి ఇంకోడి మంచం. అందరూ ఉన్న రోజు వార్డెను గదిలో సారు మంచం దాసరయ్యకు, బల్ల సారుకు. కానీ వాణ్ణొక్కణ్ణే మారిస్తే అందరి కళ్లలో పడతాడు. అందుకని అందర్నీ మార్చాడు.

"తిరిగి పంపిస్తే మళ్ల రాడు ఫాదర్. అందుకే పంపలేదు," అన్నాడు.

"వీడొక్కడేనా?"

"ఏటా ఒకడు వస్తాడు ఫాదర్. బాగా దూరం నుంచి వచ్చేవాడే గడువు దాటినాక వస్తాడు."

ఫాదర్ దాసరయ్య పెట్టెను చూశారు. ఆ తర్వాత నెమ్మదిగా, నియమం నియమమే రాజరత్నం, ఒకరికి వదిలేస్తే రేపు వరండాలన్నీ నిండుతాయి, సాయంత్రం బస్సుకు పిల్లవాణ్ణి పంపించు అన్నారు. దాసరయ్య పెట్టె ఎత్తడానికి వంగాడు. వాడు బస్సెక్కితే ఇక రాడని మాకందరికీ తెలుసు.

"వాడిది మా గదే ఫాదర్," అన్నారు ఎవరో. చూస్తే ప్రతాప్. ఓళిగలవాళ్ల ప్రతాప్. "రెండు మంచాలు కలిపేస్తే పడతాడు."

"మీ గదేంది, మా గది గదా," అన్నాడు వెంకటేష్. అంతే, మేడ మీద నుంచి, కింద నుంచి, ప్రతి గుమ్మంలోంచీ మా గదే మా గదే అని కేకలు. నేనూ అరిచాను. నిన్న మొన్నటిదాకా వాడు ఏ గదివాడో తెలియదన్నవాళ్లం, ఇప్పుడు వాడి కోసం కొట్లాటకు దిగాం.

"ఒక మనిషి ఇన్ని గదుల్లో ఎట్లుంటాడప్పా?" అన్నారు ఫాదర్.

"ఇన్ని దినాలు ఉన్న్యాడు గదా ఫాదర్," అన్నాడు వెంకటేష్.

ఫాదర్ అటు తిరిగి దగ్గారు. ఆ దగ్గు నవ్వని అందరికీ తెలిసింది. మళ్లీ ఇటు తిరిగి, హాస్టల్లో మంచానికి ఒక్కడే, ఆ మాట మారదు అన్నారు. అని, చర్చి పక్కన, గంట కొట్టే పని మానుకొని పోయిన అంతోనప్ప గది ఖాళీగా ఉంది, అది హాస్టల్లోకి రాదు కదా అన్నారు. గంట కొట్టేవాడికి ఆ గది.

ఇప్పుడు దాసరయ్యకు కొత్త చిక్కు వచ్చింది. "మేము అహోబిలం వాళ్లం ఫాదర్. నరసింహసామి మాకు బావయితాడు. మా ఆడపిల్లను చేసుకున్న్యాడు."

"మీ బావ ఏమనుకోడులే," అన్నారు ఫాదర్. "గంటకు చేతులుంటే చాలు."

దాసరయ్య పెట్టె మోయడానికి ఆ రోజు హాస్టలంతా కదిలింది. సారు ముందు నడిచాడు. గది తలుపు తెరిచి ఏదో చెప్పబోయి, ముక్కు చీదుకున్నాడు. రెండేళ్లు ఆ మనిషిని వెక్కిరించిన మాకు, ఆ పూట ఆయన్ను ఎత్తుకొని ఊరేగించాలనిపించింది. వెంకటేష్ నిజంగానే ఎత్తబోతే కసిరి పంపాడు.

నా మూడో సంవత్సరం జూన్‌లో కాలేజీ తెరిచారు. హాస్టల్లో మంచాలు నిండాయి, గడువు దాటింది, వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున గంట వింతగా మోగింది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ భయం భయంగా. బయటికి వచ్చి చూస్తే గంట తాడుకు ఎవరో కొత్త కుర్రాడు వేలాడుతున్నాడు. దాసరయ్య పక్కన నిలబడి, ఎట్లా లాగాలో చూపిస్తున్నాడు. గది గుమ్మంలో రెండు పెట్టెలున్నాయి.

పూజకు వస్తున్న ఫాదర్ ఆగి, పెట్టెల్ని చూశారు. ఆ తర్వాత, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్న రాజరత్నం సారును చూశారు.

"ఆ గదిలో ఎంతమంది పడతారు రాజరత్నం?"

"ఇంకా తెలీదు ఫాదర్," అన్నాడు సారు.