బావగారి కారును పొట్టి చేసిన వైనం

ముందే చెబుతున్నాను. ఈ కథలో ఒక కారు కుదించుకుపోతుంది, ఒక పెద్దమనిషి రోడ్డున పడతాడు. రెండింటికీ కారణం నేనే.

తొంభైల నడిమి సంగతి. దేశ రాజధానిలోని వసంత్ కుంజ్‌లో అక్కాబావల ఫ్లాట్‌లో ఉండి సివిల్స్‌కు చదువుతున్నాను. అంటే, లావుపాటి చరిత్ర పుస్తకం చాటున దర్యాగంజ్ ఆదివారం బజారులో కొన్న విదేశీ కార్ల పత్రికలు చదువుతున్నాను. బావ పది రోజుల క్యాంపుకు వెళ్తూ కారు తాళం నా చేతిలో పెట్టారు.

"ఒరేయ్, దీని మీద చిన్న గీత పడిందా, నీ పెట్టె కటవారియా సరాయ్‌లో ఉంటుంది."

ఆ అద్దె గదులు నాకు తెలుసు. మంచం లోపలుంటే మనిషి బయట, మనిషి లోపలుంటే మంచం బయట. పైగా అక్క చేతి పప్పుచారు ఉండదు.

అయితే, గీత పడకూడదన్నారు గాని పొట్టి చేయొద్దనలేదుగా! పత్రికల్లో కార్లు పొంచి ఉన్న పులుల్లా నేలను కరుచుకుని ఉండేవి. బావ కారేమో పంచె ఎగ్గట్టి బురద దాటుతున్నట్టుండేది. కారు విడిభాగాలమ్మే కాశ్మీరీ గేట్‌కు వెళ్ళి నాలుగు పొట్టి స్ప్రింగులు తెచ్చాను. ఇంటి కిందే జాకీ ఎత్తి, పాత స్ప్రింగును తాళ్ళతో బిగించి ఊడదీస్తుంటే తాడు తెగింది. నమ్మితే నమ్మండి, ఆ స్ప్రింగు ఎగిరి మొదటి అంతస్తు ఆంటీ ఆరేసుకున్న అప్పడాల మధ్య దిగింది.

"అరే బేటా, దీవాలీ అభీ సే?" అని, దీపావళి అప్పుడే వచ్చేసిందా అన్నట్టు ఆవిడ కేక.

సాయంత్రానికి నా పులి తయారు. బావకు నచ్చకపోతే మళ్ళీ బిగిద్దామని పాత స్ప్రింగులు బాల్కనీలో దాచాను.

బావ వచ్చే రోజు స్టేషన్‌కు ఒక్కణ్ణే హాయిగా వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో బావ ఎక్కారు. వారిది నిండు విగ్రహం. కాలనీ గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద కారు పొట్ట ఆనించి, కదలనని కూర్చుంది.

"ఏమైందిరా?"

"స్పీడ్ బ్రేకర్ ఎత్తు పెరిగినట్టుంది బావా."

"కాలనీ సెక్రటరీగా దాన్ని కట్టించింది నేనురా! దాని ఎత్తు నాకు చెబుతావా?"

ఆయన దిగారు. కారు నిట్టూర్చినట్టు పైకి లేచి గట్టు దాటింది. వెనక నుంచి చక్రాల వంక చూశారు.

"ఇది కారా, కాలి చెప్పా?"

"సాయంత్రానికల్లా పాత స్ప్రింగులు పెట్టేస్తాను బావా!" అన్నాను. ఇల్లు చేరగానే బాల్కనీకి పరిగెత్తాను. ఖాళీ.

"ఆ తుప్పు ఇనుమా? కబాడీవాడికిచ్చేశాను," అంది అక్క మెరిసిపోతూ. "బదులుగా ఎంత పెద్ద స్టీలు గిన్నె ఇచ్చాడో చూడు!"

వెళ్ళి పెట్టె సర్దుకున్నాను. బావ గిన్నె వంక చూశారు, నా వంక చూశారు.

"పెట్టె దింపు. రేపట్నుంచి నా ఆఫీసుకు ఆ చెప్పును నువ్వే నడపాలి."

సరిపడే స్ప్రింగులు దొరికేసరికి నెల పట్టింది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బావ టిఫిన్ డబ్బాతో దిగి, ఠీవిగా నడిచి దాటి, మళ్ళీ ఎక్కేవారు. గేటు చౌకీదారు రోజూ సలాం కొట్టేవాడు. అడిగినవాళ్ళకు "డాక్టరు నడవమన్నాడండీ" అనేవారు తప్ప, ఒక్కనాడూ నా పేరెత్తలేదు.

ఆ కారు ఎప్పుడో పోయింది. గిన్నె మాత్రం ఉంది. అక్క ఇప్పటికీ అందులోనే పెరుగు తోడుపెడుతుంది. నేను వెళ్ళినప్పుడల్లా బావ నా కంచంలో గడ్డపెరుగు వేసి, "తినరా, నాలుగు స్ప్రింగుల పెరుగు," అంటారు.

ఆ పెరుగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరొకరి కారును నేలకు దించను. మా బంధువుల్లో ఎవరూ నాకు తాళం ఇవ్వడం లేదు కనుక ఈ ప్రమాణం నిలబడుతుందనే నా నమ్మకం.