పేరు చెక్కిన పళ్లెం

మనవరాలు భూపాలపల్లిలో డిగ్రీ చదువుతోంది. మనసు బాగా లేని పిల్లలు వచ్చి మాట్లాడుకోవడానికి వాళ్ల కాలేజీలో ఒక గది పెట్టారని, అందులో కౌన్సెలర్ మేడమ్ కూర్చుంటుందని మొన్న ఫోన్‌లో చెబుతుంటే, అటువంటి గది ఊహకు కూడా అందని మా రోజులూ, మహబూబాబాద్‌లో మా హాస్టల్ వంటింటి గూడూ గుర్తుకొచ్చాయి.

అప్పుడు నేను బయ్యారం నుంచి వచ్చి అక్కడ ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. దసరా సెలవుల తర్వాత ఏమైందో నాకే తెలియదు, తిండి మానేశాను, పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి గానీ చదువు సాగేది కాదు, ఒకనాడు పక్క మంచం పిల్లతో బతకాలని లేదన్నాను. ఆ పిల్ల భయపడి వార్డెన్ మేడమ్‌కు చెప్పింది. చాడీ చెప్పిందని అప్పట్లో ఆమెతో మాట్లాడడం మానేశాను గానీ, ఇవాళ కూర్చుని ఇది రాస్తున్నానంటే ముందు దండం ఆ పిల్లకే పెట్టాలి.

కబురందుకుని బాపు వచ్చాడు. ఇటువంటి పిల్లను ఉంచుకుంటే కాలేజీకి మాట వస్తుందని ప్రిన్సిపాల్ సారు టీసీ రాయబోయాడు. అది పట్టుకుని ఇల్లు చేరితే నా చదువు అంతటితో సరి, ఆ తర్వాత నేనూ ఉండేదాన్ని కాదేమో. ఎప్పుడూ గొంతు పెంచని వార్డెన్ మేడమ్ ఆరోజు ఆయన బల్ల ముందు నిలబడి, "జరమొస్తే సెలవిస్తం గద సార్, గిదానికి టీసీ ఎట్ల ఇస్తం?" అంది. సారు టీసీ పుస్తకం మూసేశాడు. మేడమే మమ్మల్ని వెంటబెట్టుకుని రైల్లో వరంగల్ దవాఖానకు తీసుకుపోయింది.

నెల రోజులు ఇంటి దగ్గర ఉండమన్నారు. బాపు పెట్టె సర్దాడు గానీ, నా పేరు చెక్కిన స్టీలు పళ్లెం మాత్రం హాస్టల్ వంట అవ్వ ఇవ్వలేదు. ఆమె చేసిన పప్పులో పప్పు వెతుక్కోవాల్సిందే గానీ, మనిషి మాత్రం గట్టిది. "పల్లెం గీడనే ఉంటది కొడుకా. పిల్ల మల్లొచ్చి గిండ్లనే తింటది," అని గూట్లో బోర్లించింది. మందులు మింగుతూ గోడ వైపు తిరిగి పడుకున్న ఆ నెల రోజులూ నన్ను లేపి కూర్చోబెట్టింది ఆ పళ్లెమే. తిరిగి వెళ్లిననాడు అవ్వ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా దాన్ని కడిగి అన్నం పెట్టింది.

తర్వాత జనగామలో టీచరునై, రిటైరై, ఇప్పటికీ ఆ పళ్లెంలోనే తింటున్నాను. మాకు లేని గది వీళ్లకు వచ్చినందుకు నిజంగా సంతోషం. సెలవు మీద ఇంటికి పోయిన పిల్ల పళ్లెం ఎవరు దాచిపెడతారని మాత్రం మనవరాలిని అడిగాను. వాళ్ల మెస్‌లో పళ్లేలన్నీ ఒక్కటేనట, ఎవరి పేరూ ఉండదట.